దొరకిన ఫోను ఎవరిది?

జనులు పోగొట్టుకొన్న సెల్‌ఫోనులను పోలీసువారు వెదకి తెప్పించి యజమానుల కప్పగించుచున్న వార్తలు ఇటీవలి సంవత్సరములలో మన రాష్ట్రపు పత్రికలయందు తరచుగ కనబడుచున్నవి. శ్రీ సత్యసాయి జిల్లాయును ఇందు వెనుకబడలేదు. బల్లలపై వరుసగ పేర్చిన ఫోనులు, వాని వెనుక నిలిచిన అధికారులు, పోయినదనుకొన్న వస్తువును మరల చేతబట్టి నవ్వుచున్న సామాన్యులు: ఈ ఛాయాచిత్రము హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణముల పాఠకులకు సుపరిచితమే. ఈ కార్యమును మేము మనసార అభినందించుచున్నాము. సొత్తు పోయినదని మొరపెట్టుకొన్న బీదవానికి ఆ సొత్తు చేతికి వచ్చుటకంటె పోలీసుశాఖయెడల విశ్వాసమును పెంపొందించునది మరియొకటి లేదు.

అయినను అభినందనముతో మా ధర్మము తీరినదని మేము తలంపజాలము. ఆ బల్లమీదికి రాకముందు ఆ ఫోను ఎవరి చేతిలో నుండెను? ఆ చేయి దానిని తనంతట తానేల తిరిగి యీయలేదు? పోలీసులు జాడదీసి పట్టుకొన్నగాని పరుల సొమ్ము పరులకు చేరని స్థితి మనకేల కలిగెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవారు పోలీసులు కారు, మనము. పోయిన ఫోనును తిరిగి యిచ్చుట దానము కాదు, దయ కాదు, ప్రదర్శనము అంతకన్న కాదు. అది యజమాని హక్కు, దొరకినవాని ఋణము. ఈ యొక్క మాటను స్థాపించుటకే నేడు మేమీ విషయమును గైకొంటిమి.

కలవారిలో కొందరు, “ఫోను పోయిన మరియొకటి కొనుక్కొందురు, ఇంతమాత్రమునకు సంపాదకీయమేల?” అనవచ్చును. ఇట్లనువారు పోయినది పరికరము మాత్రమేయని భ్రమపడుచున్నారు. ధర్మవరమున మగ్గముపై కూర్చుండు నేతగాడు తాను నేసిన పట్టుచీర రంగును, అంచును దూరమందలి వర్తకునకు ఫోనులోనే చూపుచున్నాడు. బేరము అందులోనే కుదురుచున్నది. సొమ్ము అందులోనే వచ్చుచున్నది. హిందూపురపు విపణికి పట్టుగూళ్లు తెచ్చు రైతు ఆనాటి ధరను ఫోనులోనే విచారించుచున్నాడు. 2019లో ఉత్పత్తి ప్రారంభమైన పెనుకొండ సమీపపు కియా కార్మాగారమునందును, దాని చుట్టు వెలసిన యనుబంధ పరిశ్రమలయందును పనిచేయుచు అద్దెగదులలో కాపురముండు యువకులు నెలకూలిని ఇంటికి పంపుట, తల్లిదండ్రుల కంఠస్వరము వినుట యన్నియు ఆ చేతివెడల్పు పలకలోనే జరుగుచున్నవి.

ఇంతియే కాదు. ప్రభుత్వమే తన వాకిలిని ఫోనులోనికి మార్చినది. 2025 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ‘మన మిత్ర’ యను పేర వాట్సాపు మూలముగ ప్రజలకు సేవల నందించుట కారంభించెను. రైతు సహాయధనమునకైనను, ఆధారు సవరణమునకైనను, బ్యాంకు వ్యవహారమునకైనను ఓటీపీ యను అంకెలు ఫోనునకే వచ్చును. సర్కారు గుమ్మము ఫోనులో నున్నప్పుడు ఫోను పోయినవాడు గుమ్మము వెలుపల నిలిచినవాడే. మరియొకటి కొన్నను కొనలేనివియు కొన్ని కలవు. చనిపోయిన తల్లి కడపటి ఛాయాచిత్రము, దూరదేశమున నున్న కుమారుని మాటలు, పదేండ్లుగ కూర్చుకొన్న బంధుమిత్రుల నంబరులు ఏ యంగడిలోను దొరకవు. దొరకినవానికి ఆ ఫోను కొన్ని వేల రూపాయల వస్తువు. పోయినవానికి అది సగము సంసారము.

మన ప్రాంతపు ఉనికియే ఈ సమస్యను మరింత జటిల మొనర్చుచున్నది. గుంతకల్లునుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గము ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగ సాగును. ధర్మవరము పెద్ద కూడలి. అచ్చటినుండి కదిరి మీదుగ పాకాలకు మరియొక దారి చీలును. పెనుకొండ ప్రక్కనుండి 44వ జాతీయరహదారి పోవుచున్నది. హిందూపురము దాటిన స్వల్పకాలమునకే రైలు కర్ణాటకమున ప్రవేశించును. చింతపండు, బెల్లము, మిరపకాయలు, పట్టుగూళ్లు నమ్ముకొనుటకు రెండు రాష్ట్రముల జనులును ఆ పట్టణమున కలియుచుందురు. కావున ఉదయము సంతలో జేబునుండి జారిన ఫోను సాయంకాలమునకు గౌరిబిదనూరు దాటి బెంగుళూరు చేరుట ఏమంత కష్టము? ఒక జిల్లా, ఒక రాష్ట్రము దాటిన వస్తువును సామాన్యు డెట్లు వెదకగలడు? పెట్టెలో పోయినదా, ప్లాటుఫారముపై పోయినదా, స్టేషను వెలుపల ఆటోలో పోయినదా యనుదానినిబట్టి ఒక ఠాణావారు మరియొక ఠాణాకు పొమ్మనుచుండిన, రెండు దినముల కూలి పోగొట్టుకొన్నవాడు మూడవదినమున ఆశయే వదలుకొనును.

ఈ చిక్కును కొంతవరకు విడదీసినది ఒక సంఖ్య. ప్రతి సెల్‌ఫోనునకును ఐఎంఈఐ యను 15 అంకెల గుర్తు కలదు. మొదటి 8 అంకెలు అది యే తయారీదారుని ఏ మాదిరియో తెలుపును. తరువాతి 6 ఆ పరికరపు వరుససంఖ్య. కడపటి యంకె లెక్క సరిచూచుటకు. రెండు సిమ్ములు పట్టు ఫోనునకు ఇట్టి సంఖ్యలు రెండుండును. *#06# అని నొక్కిన అవి తెరపై కనబడును. సిమ్ము మార్చినను ఈ సంఖ్య మారదు. ఈ గుర్తు లేని ఫోనులకు 2009 నవంబరు 30 తరువాత సేవలు నిలిపివేయవలసినదని భారతప్రభుత్వము కంపెనీల నాజ్ఞాపించెను. పిదప టెలికం శాఖవారు దేశమందలి యీ సంఖ్యల కన్నిటికి ఒక కేంద్ర రిజిస్టరు నేర్పరచిరి. సీఈఐఆర్ అని జనులు పిలుచునది యిదియే. 2019 సెప్టెంబరులో మహారాష్ట్రమున ప్రయోగముగ మొదలై, 2023 మే నెలలో ‘సంచార్ సాథీ’ పోర్టలు ద్వారా దేశమంతటికిని అందుబాటులోనికి వచ్చెను.

దీని పద్ధతి సులభము. ఫోను పోయినవాడు పోలీసులకు ఫిర్యాదు చేసి దాని ప్రతిని పుచ్చుకొనవలెను. తన పాత నంబరుతోనే మరియొక సిమ్ము తీసికొనవలెను; పోర్టలునుండి వచ్చు ఓటీపీ ఆ నంబరునకే చేరును గదా. పిమ్మట ఐఎంఈఐ సంఖ్యను, ఫిర్యాదు ప్రతిని, కొన్న బిల్లును పోర్టలులో నమోదు చేసినయెడల దేశమందలి ఏ కంపెనీ వలయమునందును ఆ ఫోను పనిచేయకుండ నిలిపివేయుదురు. ఎవరైన దానిలో సిమ్ము వేసి వాడజూచిన, ఆ సమాచారము పోలీసులకు చేరును. ఫోను చేతికి వచ్చిన తరువాత యజమాని మరల కోరి ఆ నిర్బంధమును తొలగించుకొనవలెను. ఈ చివరి మెట్టు మరచినవాని చేతిలో ఫోను ఉన్నను మూగదియే.

ఈ యేర్పాటు ఫలించుచున్నది. 2025 అక్టోబరు నెలలో దేశమున 50 వేలకు పైగా ఫోనులు తిరిగి రాబట్టబడినవని టెలికం శాఖవారు ప్రకటించిరి. అప్పటికి మొత్తము 7 లక్షలు దాటినవి. కర్ణాటక, తెలంగాణములు చెరి యొక లక్షకు పైగా రాబట్టి అగ్రస్థానమున నిలిచినవి. మన సీమయును ఈ విషయమున ముందుచూపు లేనిది కాదు. కేంద్ర రిజిస్టరు దేశమంతట ప్రారంభము కాకముందే, 2022లో, అనంతపురము జిల్లా పోలీసువారు వాట్సాపు మూలముగ ఫిర్యాదులు స్వీకరించు పద్ధతి నవలంబించిరి. ఠాణామెట్లెక్కుటకు జంకువానికి అది యెంత ధైర్యము నిచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరమే ఏప్రిలు 4వ తేదీన పుట్టపర్తి కేంద్రముగ శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడి, మనము పేర్కొన్న మూడు పట్టణములును అందు చేరెను.

ఇంతవరకు యంత్రపు మాట. ఇక మనుష్యుని మాట. యంత్రము ఫోనును గుర్తించును. యజమానిని గుర్తింపవలసినది మనుష్యుడు. రోడ్డుమీద ఫోను దొరకినవానికి యజమానిని కనుగొనుటకు ఏ రిజిస్టరును అక్కరలేదు. పోగొట్టుకొన్నవాడు అయిదు నిమిషములలో ఆ నంబరునకు పిలువక మానడు. మ్రోగుచున్న ఫోనును ఎత్తి, “ఇది ఫలానిచోట దొరకినది, వచ్చి తీసికొనుడు” అనుటకు ఎంత చదువు కావలెను? ఎంత చట్టము తెలియవలెను? ఆ మ్రోతను వినుచునే ఆపి, సిమ్ము తీసి కాలువలో పారవేసినవాడు తనకు దొరకినది ఎవరిదో తెలియలేదని ఏ న్యాయస్థానమున చెప్పగలడు? ఏ దైవము నెదుట చెప్పగలడు?

“నేను దొంగిలించలేదు, దారిలో దొరకినది” అనుట మనలో ఒక గొప్ప సమర్థనముగ చెల్లుచున్నది. దొరకనంతవరకు దొర యని లోకము పరిహాసమాడుట కలదు. దొరకిన వస్తువు విషయమున మాత్రము దొరకినవాడే దొర యని మనము నిజముగనే నమ్ముచున్నట్లున్నది. ఈ నమ్మకము మన పూర్వులది కాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున పోయిన సొత్తునుగూర్చి విధులు స్పష్టముగ నున్నవి. యజమాని తెలియని ధనమును రాజు మూడు సంవత్సరములు కాపాడవలెను. తనదని వచ్చినవాడు దాని రూపమును, సంఖ్యను, పోయిన తావును, కాలమును చెప్పి నిరూపింపవలెను. అబద్ధముగ తనదని పలికినవానికి ఆ వస్తువుతో సమానమైన దండనము. కాపాడినందులకు రాజు ఆరవ, పదియవ, లేక పండ్రెండవ భాగము గ్రహింపవచ్చును. నేడు ఠాణాలో బిల్లును, పదునైదంకెల సంఖ్యను అడుగుటకును, నాడు రూపసంఖ్యల నడుగుటకును భేదమేమి? యాజ్ఞవల్క్యస్మృతియును నష్టద్రవ్యమునుగూర్చి విధించుచున్నది. దానికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను ఆధారముగ గొని పదుమూడవ శతాబ్దమున కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ను తెలుగున వెలయించెను. ఏడువందల యేండ్లకు పూర్వమే ధర్మశాస్త్రమును తన భాషలో చదువుకొన్న జాతి, దొరకిన సొత్తు దొరకినవానిదే యనుట వింతగాదా?

ఆధునిక చట్టమును ఇదే మాట చెప్పుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతి 403వ విభాగమున నుండిన విధి, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయందు 314వ విభాగమున నిలిచియున్నది. దొరకిన వస్తువును యజమానికై కాపాడుటకు తీసికొన్నవాడు నిర్దోషి. యజమానిని ఎరిగియుండియు, ఎరుగుటకు సాధనము లుండియు, లేక తగిన ప్రయత్నము చేసి తగినంతకాలము వేచియుండకయే, దానిని తనదిగ చేసికొన్నవాడు నేరస్థుడు. పాత చట్టమున శిక్షకు కనీసపరిమితి లేదు. క్రొత్త సంహితలో ఆరునెలలకు తగ్గని, రెండేండ్లకు మించని కారాగారమును, జరిమానాయును విధింపబడినవి. దొరకినవాని హక్కులను చట్టము విస్మరించినదనరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము వానిని వస్తువునకు రక్షకునిగ భావించి, రక్షణకై పడిన శ్రమకును వ్యయమునకును ప్రతిఫలము ముట్టువరకు వస్తువును తనయొద్ద నుంచుకొనుటకు, యజమాని ముందుగ ప్రకటించిన బహుమానమునకై దావా వేయుటకును అధికార మొసగినది. చట్టము దొరకినవానిని శత్రువుగ చూడలేదు, ధర్మకర్తగ చూచినది.

అన్యదేశముల యనుభవమును ఇచ్చట స్మరింపదగును. జపానులో వీధిమలుపులయందలి చిన్న ఠాణాలలో దొరకిన వస్తువులను అప్పగించుట పిల్లలకు సహితము అలవాటు. అచ్చటి చట్టముప్రకారము తిరిగి యిచ్చినవాడు వస్తువు విలువలో నూటికి 5 మొదలు 20 వరకు బహుమతిగ కోరవచ్చును. మూడునెలలలో యజమాని రానిచో సాధారణ వస్తువు దొరకినవానికే చెందును. స్వవిషయములు నిండియుండు ఫోనులవంటి వాని నట్లు ఈయరు. టోకియో పోలీసులకు ఇట్లు చేరు వస్తువులు ఇటీవల సంవత్సరమునకు 40 లక్షలకు పైబడుచున్నవి. మనుష్యస్వభావమే చెడినదనువారికి మరియొక దృష్టాంతము. 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటింపబడిన పరిశోధనమునకై 40 దేశములందలి 355 నగరములలో 17 వేలకు పైగా సంచులను, దొరకినవని చెప్పి, కార్యాలయములలో నప్పగించి చూచిరి. మన దేశమును అందున్నది. సొమ్ములేని సంచులకంటె సొమ్మున్న సంచులనే యజమానులకు తెలియజేసినవారు ఎక్కువ. దాదాపు ప్రతి దేశమునందును ఇట్లే. యజమానికి తప్ప పరులకు పనికిరాని తాళపుచెవి యుండినప్పుడు తిరిగి వచ్చుట మరింత హెచ్చెను. అనగా ఎదుటివాని నష్టము తన కనులకు కనబడినప్పుడు మనుష్యుడు ధర్మమువైపే మొగ్గును. దొంగననిపించుకొనుట కెవడును ఇష్టపడడు. కావున మనము చేయవలసినది దొరకినవానిని బెదరించుట మాత్రమే కాదు. పోయినవాని నష్టమును వాని కనులకు కట్టించుట.

దొరకినవానికంటె పెద్ద దోషి మరియొకడు కలడు. ఆయన గౌరవస్థుడు, తెల్లని బట్టలు కట్టినవాడు. పదునైదువేల రూపాయల ఫోను బిల్లు లేకుండ మూడువేలకు వచ్చుచుండగా, “మనకెందుకు, చౌకగ వచ్చినది” అని కొనువాడే యీ వ్యాపారమునకు మూలధనము పెట్టువాడు. కొనువాడు లేనిచో దొంగకును పనిలేదు, దాచుకొన్నవానికిని లాభము లేదు. చట్టమీవిషయమున మిక్కిలి స్పష్టముగ నున్నది. దొంగిలింపబడినదే కాదు, దొరకి దుర్వినియోగము చేయబడినదియు దొంగసొత్తే. అట్టిదని తెలిసియు, నమ్ముటకు కారణముండియు దురుద్దేశముతో కొని యుంచుకొన్నవానికి న్యాయసంహిత 317వ విభాగముక్రింద మూడేండ్లవరకు కారాగారము కలదు. ఐఎంఈఐ సంఖ్యను దిద్దువారికి 2023 నాటి టెలికమ్యూనికేషనుల చట్టము మూడేండ్లవరకు కారాగారమును, 50 లక్షల రూపాయలవరకు జరిమానాను విధింపవచ్చునని చెప్పినది. ఇంగ్లండు 2002లోనే యిట్టి దిద్దుబాటును ప్రత్యేకనేరముగ నెంచెను. పాత ఫోను కొనువాడు దాని సంఖ్యను సంచార్ సాథీలో చూచుకొనవచ్చును. లేదా కేవైఎం అను మూడు ఆంగ్లాక్షరములు, పిదప ఆ సంఖ్య వ్రాసి 14422కు సందేశము పంపి విచారింపవచ్చును. అర నిమిషపు పని. ఆ యర నిమిషము వెచ్చింపనివాడు తెలియక కొన్నానన్న మాట యెవ్వరు నమ్ముదురు?

ఇక పోలీసువారితోను ప్రభుత్వముతోను మేము విన్నవించుకొనవలసినవి కొన్ని కలవు. దొరకిన ఫోనులను కూడబెట్టి, జిల్లాకేంద్రమున సభ జరిపి పంచుట మన రాష్ట్రమున ఆచారమైనది. ఆ సభలవలన ప్రజలకు ఈ పద్ధతి తెలియుచున్నది, అది మంచిదే. కాని ఫోను ఠాణాకు వచ్చినదినముననే యజమానికి తెలిపి, అతడు కోరినచో అతని యూరి ఠాణాలోనే ఈయవలెను గాని, ఛాయాచిత్రముకొరకు దానిని బీరువాలో నిలువచేయరాదు. హిందూపురపు కూలియు, ధర్మవరపు నేతగాడును తమ వస్తువును తాము తెచ్చుకొనుటకు పుట్టపర్తివరకు పోయి ఒక దినపు కూలిని పోగొట్టుకొనుట న్యాయము కాదు. సభ జరుపదలచిన మూడు పట్టణములందును జరుపవచ్చును. పుచ్చుకొనువాడు యాచకుడు కాడు. తనది తాను తీసికొనుచున్న పౌరుడు.

రెండవది ఫిర్యాదు. 2024 జూలైనుండి అమలగుచున్న నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము ప్రకారము విచారణకు తగిన నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచార మీయవచ్చును; ఇది మా హద్దు కాదను మాటకు చోటులేదు. రైలులో పోయినచో 139కి తెలుపవచ్చును. 2025 ఏప్రిలులో రైల్వే రక్షణదళమును కేంద్ర రిజిస్టరుతో జతపరచిరి. చట్టమింత వెసులుబాటు కల్పించిన పిదప హిందూపురము ఠాణాకు వచ్చినవానిని ధర్మవరమునకు, ధర్మవరమునకు వచ్చినవానిని గుంతకల్లునకు త్రిప్పుట అపచారము. దొంగతనమని చెప్ప వచ్చినవానిచేత ‘పోయినది’ అని వ్రాయించుకొని నేరముల లెక్కను తగ్గించి చూపుట ఎచ్చట జరిగినను తప్పే. పోవుట వేరు, దోచుట వేరు. రెంటికిని మందు ఒకటి కాదు.

మూడవది బిల్లు. ఫోను కొన్న బీదవానియొద్ద బిల్లుండుట అరుదు. డబ్బామీది సంఖ్యను దాచుకొనువారు మరింత అరుదు. అంగడివారు ప్రతి ఫోనుతోడను సంఖ్య స్పష్టముగ వ్రాసిన బిల్లును తెలుగున ఇచ్చి, దానిని భద్రపరచుమని ఒక్కమాట చెప్పిన ఎంతో మేలు. గ్రామసచివాలయమునందలి యుద్యోగి, పాఠశాలయందలి యుపాధ్యాయుడు ఇంటింటి ఫోను సంఖ్యను పుస్తకమున వ్రాసికొనుమని నేర్పవచ్చును. అది రైతు పట్టాపుస్తకమువలె భద్రపరుపదగినది.

నాలుగవది మిక్కిలి సున్నితమైనది. ఫోనును వెదకగల యధికారము మనుష్యుని వెంబడింపగల యధికారమును కాగలదు. 2017 ఆగష్టు 24వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తి గోప్యత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగ తీర్మానించెను. ఆ వ్యాజ్యము తెచ్చినవారు కర్ణాటక న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు. 2025 నవంబరు 28న టెలికం శాఖవారు ప్రతి క్రొత్త ఫోనునందును సంచార్ సాథీ యాపును ముందుగనే యుంచవలెనని తయారీదారుల నాజ్ఞాపించిరి. దేశమంతట నిరసన పుట్టగా డిసెంబరు 3న ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనిరి. ఉపసంహరణము సముచితము. మంచిసాధనమైనను ప్రజలు మెచ్చి గైకొనవలెను గాని, వారి జేబులో ప్రభుత్వము బలిమిని పెట్టరాదు. రాత్రి కావలివాడు వీధి కాయవలెను. ఇంటి తలుపు తెరచి చూడరాదు.

ఈ నియమము ప్రభుత్వమున కెంతో, ఫోను దొరకినవానికిని అంతియే. పరుల యుత్తరము చింపి చదువుట నీచమని మన పెద్దలు నేర్పిరి. ఫోను వేయి యుత్తరముల పెట్టె. అందు ఆడుబిడ్డల ఛాయాచిత్రములుండును, ఇంటి కలహములుండును, బ్యాంకు రహస్యములుండును. తిరిగి యిచ్చినవాడైనను, ఈయకముందు దానిని తెరచి చూచిన సగము దొంగయే. మ్రోగిన పలుకుట, మ్రోగకున్న ఠాణాలో నప్పగించి రసీదు పుచ్చుకొనుట: దొరకినవాని పని యింతటితో సరి. పోగొట్టుకొన్నవాడును జాగుచేయరాదు. ముందు సిమ్మును, బ్యాంకుచెల్లింపులను నిలిపివేయించి, సొమ్ము పోయినచో వెంటనే 1930కి తెలిపి, పిమ్మట ఫోనును వెదకుకొనవలెను.

మా పాఠకులలో భూస్వాములు, వర్తకులు, వకీళ్లు, ఉపాధ్యాయులు పెక్కురు. చట్టముకంటె మీ మాటయే యూళ్లలో ముందు పనిచేయును. మీ తోటలో పనిచేయు కుఱ్ఱవాడు గట్టుమీద దొరకిన ఫోనును తెచ్చి మీకు చూపును. మీ యంగడి గుమాస్తా ఖాతాదారుడు మరచిన ఫోనును బల్లక్రింద కనుగొనును. మీ కుమారుడు బస్సులో దొరకినదని చెప్పును. ఆ క్షణమున మీరు “ఎవరిదో పాపము, మ్రోగిన చెప్పుము” అందురా, “నీ యదృష్టము, ఉంచుకొమ్ము” అందురా? ఆ యొక్కమాటపై ఆ కుఱ్ఱవాని నడవడి నిలుచును. గుర్తెరుగని యొక సంసారపు సుఖదుఃఖములు నిలుచును. కుఱ్ఱవాడు నిజాయితీతో తెచ్చియిచ్చినప్పుడు నలుగురిలో మెచ్చుకొని, యథాశక్తి బహుమానమిచ్చుట మీ ధర్మము. వస్తువు చేతికి వచ్చిన యజమానియును వట్టి కృతజ్ఞతతో సరిపుచ్చక, తెచ్చినవాని దారిఖర్చులైన ఈయవలెను.

జిల్లా పోలీసువారు మరిన్ని ఫోనులను రాబట్టుదురు గాక. కాని వారు రాబట్టిన సంఖ్య పెరుగుటయే మన ఘనతకు కొలత కాదు. ఎవరును వెదకకయే, ఎవరును పట్టుకొనకయే, ఆ పూటకాపూటనే యజమానుల యిండ్లకు చేరినవాని సంఖ్యయే కొలత. ఆ లెక్క యే శాఖవారి నివేదికలోను ఎక్కదు. హిందూపురము సంతలో, పెనుకొండ రహదారిపై, ధర్మవరము స్టేషనులో ప్రతిదినమును ఎవరో యొకరు దానిని వ్రాయుచునే యుందురు. అందు తమ వంతు పంక్తి చేర్పవలసినదని మా పాఠకులను ప్రార్థించుచున్నాము.